పెంకు దించితే పైన ఏం వేస్తాం?



కృష్ణా డెల్టాలో మన యానాది, ఎరుకల కాలనీలు తిరిగినవాళ్ళకు ఆ పాత పెంకుల కట్టడాలు బాగా తెలుసు. ఒకప్పుడు అందులో రాత్రి బడి నడిచింది. తర్వాత బాలవాడి. ఇప్పుడు సంఘం మీటింగు అక్కడే, పెళ్ళి భోజనాలు అక్కడే, వరదొస్తే ముసలివాళ్ళనీ బియ్యం మూటల్నీ చేర్చేదీ అక్కడికే. గోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, పాడైంది కప్పు. వాసాలకు చెదలు పట్టింది, కోతులు పెంకుల్ని పగలగొట్టాయి, వానొస్తే లోపల గిన్నెలు పెట్టుకోవాలి. అప్పుడు ఎవరో ఒక లీడరు వచ్చి "పెంకు పీకేసి రేకులు వేయిస్తాం, వారంలో అయిపోద్ది" అంటాడు. మనోళ్ళు చప్పట్లు కొడతారు.

ఆ చప్పట్లకు ముందు నాలుగు లెక్కలు చూసుకుందామనే ఈ వ్యాసం.

మా మాట ముందే చెప్పేస్తున్నాం. అలాంటి పాత సామూహిక కట్టడాలకు మళ్ళీ పెంకే వేయాలి. సిమెంటు రేకు, అంటే ఆస్బెస్టాస్ రేకు, వద్దు. ఆ పని మన మనుషులకే ఇవ్వాలి, ఉత్తినే కాకుండా కూలి ఇచ్చి చేయించాలి. అన్నిటికంటే ముందు, కప్పు మారే లోపు ఆ స్థలానికి కాగితం రావాలి.

ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

డెల్టాలో మన అసలు కప్పు తాటాకు. కోస్తా తీరంలో చుట్టిల్లు అని ఒకటి ఉండేది. గుండ్రటి మట్టి గోడ, పైన శంఖంలా వాలిన కప్పు, చూరు దాదాపు నడుము ఎత్తు దాకా దిగి ఉంటుంది. గాలి ఎటునుంచి వచ్చినా పట్టుకోడానికి మూల దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ చదవని మన ముత్తాతలు సముద్రపు గాలిని చూసి చూసి కట్టిన ఇల్లది. మన గుడిసె తలుపు ఎందుకంత పొట్టిగా ఉంటుందని వెక్కిరించేవాళ్ళు ఆ సంగతి కూడా తెలుసుకోవాలి.

అలాగని తాటాకుకి దండ వేసి కూర్చోలేం. రెండు మూడేళ్ళకోసారి కప్పు నేయించాలి. వేసవిలో ఒక నిప్పురవ్వ చాలు, వరసంతా బూడిద. ఆ బూడిదలో రేషన్ కార్డు పోద్ది, ఆధార్ పోద్ది, కుల సర్టిఫికెట్ పోద్ది, మళ్ళీ ఆఫీసుల చుట్టూ ఏడాది తిరగాలి. ఇంకో సంగతి, కప్పు సామాను కూడా మన చేతిలోంచి జారిపోయింది. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి ముక్కలై పడుతోంది, అది కప్పుకి పనికిరాదు. పొట్టి రకం వరికి అసలు గడ్డే పొట్టి. పొలాలు రొయ్యల చెరువులయ్యాక గట్ల మీద తాటిచెట్లు తగ్గాయి. చెట్టు ఒకరిది, గట్టు ఇంకొకరిది, ఆకు కొట్టాలంటే మన దగ్గర మిగిలింది బతిమాలుకోవడమే. తాటాకు మన సంస్కృతి అని ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ముందు ఆ ఆకు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పాలి. హైవే పక్కన హోటళ్ళకు మాత్రం తాటాకు దొరుకుతోంది. "పల్లె వాతావరణం" అని బోర్డు పెట్టి దాని కింద భోజనం అమ్ముతున్నారు. అదే కప్పు మన ఇంటి మీద ఉంటే వెనకబాటుతనం అంటారు.

తుఫాను సంగతి మర్చిపోయి ఇక్కడ కప్పు గురించి మాట్లాడకూడదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదకు ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్కలోనే పది వేల మంది దాకా పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లపు నేలల్లో, పూరిగుడిసెల్లో ఉన్న పేదలే. 1990 మేలో మళ్ళీ ఒక పెద్ద తుఫాను ఇదే తీరాన్ని కొట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చినప్పుడు లంకలు మునిగాయి, బుడమేరు తెగి విజయవాడలో సగం కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. ఇంత నీరు, ఇంత గాలి చూసిన నేల మీద "ఏదో ఒక కప్పు" అనడం కుదరదు.

రేకు సంగతి అక్కడే తేలుతుంది. గాలి చూరు కిందనుంచి దూరి కప్పుని పైకి లేపుద్ది. సరిగ్గా బిగించని రేకు లేచిందంటే కత్తే. పెంకు కూడా తుఫానుకి లేస్తుంది, కాదనడం లేదు. కానీ పెంకు బరువు, ఒక్కొక్కటిగా పోతుంది, పోయినచోట మళ్ళీ వేసుకోవచ్చు. రేకు పగిలితే పూర్తి రేకు మార్చాలి.

తర్వాత ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. 2015 మే వడగాల్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. ఆ ఎండలో మధ్యాహ్నం రెండింటికి రేకు కింద పసిపిల్లని పడుకోబెట్టిన తల్లిని అడగండి. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. రేకు మాత్రం ఎండని మింగి మన మీదకే కక్కుద్ది. బాలవాడి పిల్లలు మధ్యాహ్నం చెట్టు కిందకు పోయి కూర్చుంటున్నారంటే అది వాళ్ళ అల్లరి కాదు, ఆ కప్పు తప్పు.

ఇక అసలు విషయం ఆస్బెస్టాస్. దీని దుమ్ములో కంటికి కనిపించని నూలుపోగుల్లాంటివి ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే బయటకు రావు. క్యాన్సర్ తెస్తాయి. జబ్బు వెంటనే కనిపించదు, ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు బయటపడుద్ది. ఆస్బెస్టాస్‌లో అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి దీన్ని నిషేధించింది. మన దేశంలో ఆస్బెస్టాస్ తవ్వకం ఆగింది, దిగుమతి మాత్రం ఆగలేదు. బయట దేశాలనుంచి తెచ్చి, రేకులుగా పోసి, పేదల ఇళ్ళ మీద, బడుల మీద, కోళ్ళ షెడ్ల మీద వేస్తున్నారు. కలెక్టరు బంగళా మీద సిమెంటు రేకు ఎప్పుడైనా చూశారా?

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇప్పటికే రేకు కింద ఉంటున్న మన కుటుంబాలు ఇవాళే ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. పగలని రేకు తన చోట తానుంటే ప్రమాదం తక్కువ. కోసినప్పుడు, బెజ్జాలు వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, పాత రేకు పొడి పొడి అయినప్పుడు దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము పీల్చేది ఎవరు? రేకులు దించే కూలీ, అంటే మన అన్నయ్య. ఆ ముక్కలు ఊడ్చే మన అక్క. పగిలిన ముక్కలతో ఆడుకునే మన పిల్లలు. అందుకని ఒక్క మాట గుర్తుంచుకోండి. పాత రేకుని పగలగొట్టొద్దు, పొడిగా కోయొద్దు, నీళ్ళు చల్లి తడిపి నిదానంగా దించండి, ముక్కల్ని దారికీ పునాదికీ వాడొద్దు.

ఇంత తెలిసీ సర్కారు కాగితం ఏమంటుందో చూడండి. 2011 గృహ గణనలో కప్పు ఏమిటని ఒక ప్రశ్న ఉంది. గడ్డి, తాటాకు లాంటివి ఒక గడి. చేతితో చేసిన పెంకు ఒక గడి, మిషన్ పెంకు ఇంకో గడి. రాయి, పలకరాయికి ఒక గడి. ఇనప రేకూ ఆస్బెస్టాస్ రేకూ కలిపి ఒక గడి. ఆకుకప్పు తాత్కాలికం, ఆస్బెస్టాస్ శాశ్వతం. ఊపిరితిత్తుల లెక్కలో మాత్రం ఆ శాశ్వతం అనే మాటకు వేరే అర్థం ఉంది.

ఈ పలకరాయి సంగతి కాస్త చెప్పాలి. మన పిల్లలు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక ఉంది కదా, అదే జాతి రాయిని హిమాచల్‌లో కాంగ్రా వైపు ఇళ్ళ మీద కప్పుగా వేస్తారు. మన పల్నాడులో నాపరాయి బండలు అలాగే వాడారు. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతంలో పలకరాయి గనులున్నాయి. అక్కడి పలకలు ప్రపంచమంతా ఇళ్ళ కప్పులయ్యాయి. ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ పలకలు చీల్చిన కార్మికులు 1900 నుంచి 1903 దాకా, మూడేళ్ళు, పెన్రిన్ గనిలో సమ్మె చేశారు. జపాన్‌లో షిరకావా అనే ఊళ్ళో గడ్డి కప్పుల ఇళ్ళున్నాయి. 1995లో వాటికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ ఒక ఇంటి కప్పు నేయాలంటే ఊరంతా వస్తుంది, రేపు ఇంకో ఇంటికి వీళ్ళు వెళ్తారు. మన ఊళ్ళలో బదులు పని అంటాం కదా, అదే. వాళ్ళ గడ్డి కప్పు వారసత్వం అయ్యింది, మన గడ్డి కప్పు దారిద్ర్యం అయ్యింది. కప్పు సామాను రెండు చోట్లా ఒకటే. దాని కింద ఉండే మనిషికి లోకం ఇచ్చే విలువలో ఉంది తేడా.

ఇప్పుడు పని దగ్గరకు వద్దాం. పాత పెంకుల కప్పుని మళ్ళీ వేయడమంటే అన్నీ కొత్తవి కొనడం కాదు. ముందు పెంకులన్నీ దించాలి, విసరకుండా చేతులు మార్చుకుంటూ. ఒక్కోదాన్ని వేలితో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. నాచు గీకి కడిగి ఎండబెట్టాలి. తర్వాత దూలం, వాసాలు చూడాలి. చెదలు తిన్న వాసం తీసేసి చేవ ఉన్న తాటి వాసం వేయాలి. రీపర్లు పెంకు కొలతకు తగ్గట్టు కొట్టాలి, ఒక వేలు తేడా వచ్చినా వాన లోపలికి వస్తుంది. చూరునుంచి మొదలుపెట్టి కొప్పుకి వెళ్ళాలి. కొప్పు పెంకులు సున్నంతో పూడ్చాలి. చూరు వరసనీ అంచు వరసల్నీ తీగతో రీపరుకి కట్టాలి, గాలి ముందు పట్టుకునేది వాటినే. కప్పుకి రెండు వాలులకు బదులు నాలుగు వైపులా వాలు ఇస్తే తుఫానుకి ఇంకా మంచిది. దూలాన్ని గోడకు ఇనప పట్టీతో బిగించాలి. మధ్యలో రెండు గాజు పెంకులు వేస్తే పిల్లలకు పగలు లైటు అక్కర్లేదు.

తక్కువపడిన పెంకులు ఎక్కడ తేవాలి? డెల్టా ఊళ్ళలో పాత పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు వేస్తున్నారు. ఆ బెంగుళూరు పెంకులు పాత సామాన్ల వాళ్ళ దగ్గర ఉంటున్నాయి. పంచాయితీ తలచుకుంటే పెద్ద కష్టం కాదు.

ఈ పని తెలిసిన చేతులు మన కాలనీల్లో ఇంకా ఉన్నాయి. చాలామందికి అరవై దాటింది. పక్కన ఇద్దరు కుర్రాళ్ళని పెట్టకపోతే ఆ పని వాళ్ళతోనే పోతుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. "మీ భవనమే కదా, శ్రమదానం చేసుకోండి" అంటారు. ఊళ్ళో పెద్ద కులాల కళ్యాణ మండపానికి శ్రమదానం చేయమని ఎవరైనా అడిగారా? అక్కడ మేస్త్రీకి రోజుకింత అని లెక్క కట్టి ఇస్తారు. మన దగ్గరకొచ్చేసరికి మన పనితనం ఉచితం. కేంద్ర గ్రామీణ ఆవాస్ పథకం మార్గదర్శకాల్లో మైదాన ప్రాంతంలో ఒక్కో ఇంటికి 90 రోజుల ఉపాధి కూలి ఇవ్వాలని రాసుంది. సొంత ఇంటికే కూలి ఇస్తున్నప్పుడు సామూహిక కట్టడానికి ఎందుకివ్వరు? కప్పు నేసేవాడు నైపుణ్యం ఉన్న మేస్త్రీ. మస్టరులో అతన్ని అలాగే రాయాలి.

మొన్నొక కాలనీ మీటింగులో ఈ చర్చే వచ్చింది. డిగ్రీ చదివే తమ్ముడొకడు లేచి, "పెదనాన్నా, నువ్వు తాటాకు కింద పుట్టావు, నాన్న రేకు కింద పడుకున్నాడు. నేను స్లాబు అడుగుతుంటే నన్ను మళ్ళీ వెనక్కి తీసుకుపోతావేంటి?" అన్నాడు. ఆ పెద్దాయన కోప్పడలేదు. "నీకు స్లాబు వద్దని ఎవరన్నార్రా అబ్బాయ్? నీ ఇంటికి స్లాబే వేసుకో. ఈ గోడల మీద స్లాబు ఆగదు. ఉన్న పెంకు పారేసి రేకు తెచ్చుకోవద్దంటున్నా, అంతే" అన్నాడు.

ఇద్దరి మాటా న్యాయమే. మన కుర్రాళ్ళు డాబా కోరుకోవడం తప్పు కాదు. పక్కింటోడికి ఉన్నది మనకెందుకు వద్దు? తుఫాను తీరంలో ప్రతి ఆదివాసీ కుటుంబానికీ నీళ్ళు ఎక్కని మెరక మీద గట్టి ఇల్లు రావాల్సిందే. "ఆదివాసీకి గుడిసే అందం" అనేవాళ్ళతో మనకు పని లేదు. కానీ మట్టి గోడో, పాత ఇటుక గోడో ఉన్న కట్టడం స్లాబు బరువు మోయలేదు. అక్కడ మన ముందున్నవి రెండే, పెంకు లేదా రేకు. ఆ రెండిట్లో ఏది మేలో పైన చెప్పుకున్నాం.

ఇల్లు ఎలా ఉండాలో మనల్ని అడగకుండా కట్టివ్వడం ఇవాళ మొదలైంది కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద 1910ల్లో స్టూవర్టుపురంలో ఎరుకల వాళ్ళకు సెటిల్‌మెంటు పెట్టారు. అక్కడి జీవితమంతా హాజరు పట్టీ చుట్టూ తిరిగింది, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. యానాదుల మీద కూడా అదే చట్టం ప్రయోగించారు, వెన్నెలకంటి రాఘవయ్య గారు దాని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. దేశంలో ఆ చట్టం 1952లో పోయింది. ప్లాను గీసేవాడు వేరు, అందులో ఉండేవాడు వేరు అనే పద్ధతి మాత్రం పోలేదు. ఇప్పుడు కూడా కాంట్రాక్టరు ఏ రేకు తెస్తే అదే మన కప్పు.

పైసల లెక్క కూడా చూడండి. కేంద్ర గ్రామీణ ఆవాస్ పథకంలో మైదానంలో ఇంటికి 1,20,000 రూపాయలు, కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో ఇంటికి 2 లక్షలు, కానీ అది ఆదిమ తెగలకే. యానాదులు ఆ జాబితాలో లేరు, ఎరుకలవాళ్ళూ లేరు. 2011 లెక్కల్లోనే ఐదు లక్షలు దాటిన యానాదులు, కాలవ గట్ల మీద బతుకుతున్నవాళ్ళు, "మైదాన ఎస్టీలు" అనే మాట కింద మరుగున పడ్డారు. ఐదో షెడ్యూలు మన గట్ల దాకా రాదు. 1/70 చట్టం మన స్థలాన్ని కాపాడదు. మన్యంలో అన్నలూ అక్కలూ ఏజెన్సీ హక్కుల కోసం పోరాడుతుంటే మనం వెంట నడుస్తున్నాం, నడుస్తాం. మైదానంలో గుంట స్థలం లేని మన మాట కూడా ఆ వేదికల మీద వినపడాలి.

అందుకే పట్టా ముందు అంటున్నాం. కాలవ గట్టు, డ్రెయిన్ గట్టు, చెరువు పోరంబోకు ఇవన్నీ రికార్డులో అభ్యంతరకరమైన భూములు. అక్కడ ఎన్నేళ్ళున్నా క్రమబద్ధం చేయరు. అక్కడి కట్టడానికి పెంకు వేసినా, రేకు వేసినా, బంగారం వేసినా, రేపు గట్టు వెడల్పు చేసేరోజు జేసీబీకి అన్నీ ఒకటే. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం దీవిలోని యానాదుల్ని కదిలించినప్పుడు ఎవరి గుడిసె కప్పు ఎంత బాగుందో ఎవరూ చూడలేదు. చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నివాస హక్కు జీవించే హక్కులో భాగమని, నివాసం అంటే తల మీద కప్పు మాత్రమే కాదని, చాలినంత చోటు, గాలీ వెలుతురూ, నీళ్ళూ, పరిశుభ్రమైన పరిసరాలూ అందులోనే ఉన్నాయని చెప్పింది. ఆ తీర్పుని కాగితంగా చేతిలో పట్టుకుని అడగాలి.

ఈ వేసవిలో, మృగశిర కార్తె వచ్చి వానలు మొదలయ్యేలోపు, ప్రతి కాలనీ యువజన సంఘం ఈ పనులు చేయాలని కోరుతున్నాం.

ఒకటి. మీ కాలనీలోని పాత సామూహిక కట్టడం ఫొటోలు తీయండి. కప్పు దేనిది, వాసాలు ఎన్ని పాడయ్యాయి, పెంకులు ఎన్ని మంచివి, లెక్క రాయండి. స్థలం సర్వే నంబరు, అది ఏ రకం భూమి అని సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి.

రెండు. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఆస్బెస్టాస్ రేకు వాడకూడదు, పెంకు కప్పే వేయాలి, స్థానికంగా పని తెలిసినవాళ్ళకు మేస్త్రీ కూలి ఇవ్వాలి అని అందులో స్పష్టంగా ఉండాలి. నోటిమాట చాలదు, మినిట్స్ కాపీ తీసుకోండి.

మూడు. కప్పు పని తెలిసిన పెద్దల పేర్లు రాయండి. ఒక్కొక్కరి పక్కన ఇద్దరు కుర్రాళ్ళనో, అమ్మాయిలనో పెట్టండి. పని జరుగుతుంటే ఫోన్లో వీడియో తీసి దాచండి. అది మన పాఠ్యపుస్తకం.

నాలుగు. గట్టు మీద ఉన్న కుటుంబాలకు మెరక మీద ఇళ్ళ స్థలం ఇవ్వాలని తహసీల్దారుకి, ఐటీడీఏకి అర్జీ పెట్టండి. రసీదు లేకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.

"ఇంత చిన్న పనికి ఇంత గొడవెందుకు?" అనేవాళ్ళు ఉంటారు. నిజమే, ఒక పాత కప్పు చిన్న పనే. అయితే సర్వే నంబరు అడగడం, గ్రామసభలో మాట్లాడటం, మస్టరులో మేస్త్రీగా పేరు రాయించుకోవడం, కాంట్రాక్టరు తెచ్చిన సామాను వద్దని తిప్పి పంపడం ఈ చిన్న పనిలోనే నేర్చుకుంటాం. రేపు పెద్ద పని వచ్చినప్పుడు ఆ అలవాటే అక్కరకొస్తుంది.

రేకుల లారీ వచ్చి ఆగేలోపు ఒకసారి నిచ్చెన వేసి పైకెక్కండి. పెంకుల్ని వేలితో కొట్టి చూడండి. ఖంగుమన్నవి ఎన్నున్నాయో లెక్కపెట్టి గ్రామసభకు రండి.

జై ఆదివాసీ.